నాలుగు సెట్లు, ఒకే పగులు

2019 జూన్ 11, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఆత్మకూరు బస్టాండులో నేను ఉదయగిరి బస్సు ఎక్కిన సమయం అది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పడమటి గాలి అప్పటికే దుమ్ము లేపుతోంది. ఇల్లు వదిలే ముందు చూసిన ఉష్ణమాపకం ముప్పై రెండు డిగ్రీలు చూపింది. నా చేతిసంచిలో మూడు వస్తువులున్నాయి: రెండు ముక్కలైన ఒక కింది పళ్ల సెట్టు, ఒక భూతద్దం, ఒక సీసాలో చిటికెడు గోధుమరంగు పొడి.

వాతావరణం రాయడం కొందరికి చాదస్తంగా తోచవచ్చు. నా వృత్తిలో అది అవసరం. నోటి అచ్చు తీసే పొడి వేడికి త్వరగా గట్టిపడుతుంది, ప్లాస్టరు తేమకు తన పద్ధతి మార్చుకుంటుంది. ఏ సెట్టు ఎందుకు సరిగా కూర్చోలేదో ఆరు నెలల తరువాత తెలుసుకోవాలంటే, అచ్చు తీసిన రోజు ఎండ ఎంతో రిజిస్టరులో ఉండాలి. 1987 నుంచి 2023 మార్చి 31 వరకు, ముప్పై ఆరేళ్లు, ఆత్మకూరులోని ఒకే దంత వైద్యశాలలో కట్టుడు పళ్లు తయారుచేసే పనిలో ఉన్నాను. నాకు వైద్య పట్టా లేదు. నా దగ్గర ఉన్నది ఒక బల్ల, ఒక దీపం, ఒక రిజిస్టరు. ఒక్కొక్క రోగికి అందులో ఇరవై ఏడు గడులు. అన్నీ సిరాతో నింపేవాణ్ని. ముప్పై ఆరేళ్లలో ఒకే ఒకసారి రాసింది కొట్టివేశాను. ఆ కొట్టివేత కథే ఇది.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు ముందే ఒక మాట. ఊడిన పళ్ల స్థానంలో ఇంప్లాంట్లు పెట్టించుకోవడం మంచిదా, కాదా అని అడిగితే నేను ఒక్క మాటలో జవాబు చెప్పను. ఉద్యోగంలో ఉన్నప్పుడు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. నెల్లూరు రోడ్డు వెంబడి బోర్డులు పెట్టి ఒక్క మాటలో చెప్పేవారు ఉన్నారు. ఆ వయసులో ఇనుప మేకులెందుకని అరుగుల మీద కూర్చుని ఒక్క మాటలో కొట్టిపారేసేవారూ ఉన్నారు. ఇద్దరూ నోరు తెరిపించి చూడకుండానే మాట్లాడుతున్నారు.

ఆ రోజు నేను చూడబోతున్న మనిషి ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే పనివాడు. అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. చిగుళ్ల వ్యాధితో పళ్లన్నీ పోయాయి. మొదటి సెట్టు 2017 ఆగస్టు 21న ఇచ్చాను. పైది అంగిటికి చక్కగా అతుక్కుంది. కిందిది మొదటి రోజు నుంచీ కదిలేది. ఆయన దవడ ఎముక అరిగి, సెట్టు కూర్చునే గట్టు పల్చబడింది, పట్టు దొరకదు. అయినా ఆయన పెట్టుకున్నాడు. నూట నలభై మూడో రోజున కింది సెట్టు పగిలింది. రెండోది చేసి ఇచ్చాను: తొంభై ఆరు రోజులు. మూడోది డెబ్బై ఒకటి. నాలుగోది, లోపల సన్నని తీగ జాలీ పరిచి మరీ చేసినది, ముప్పై ఎనిమిది రోజులు. నాలుగూ ఒకేచోట పగిలాయి: ఎడమవైపు కోరపంటికీ దాని వెనుక పంటికీ నడుమ.

రోగి తిట్టలేదు. ప్రతిసారీ రెండు ముక్కలనూ ఒక గుడ్డలో చుట్టి తెచ్చి, నా బల్లమీద పెట్టేవాడు.

"ఏంది పళ్ల మేస్త్రీ, నీ సరుకు నా దగ్గర నిలవడంల్యా. నా చెంచాలు ముప్పై ఏళ్లయినా ఇరగవు, తెల్సా?"

నన్ను మేస్త్రీ అనేవాడు, నేనూ ఆయన్ని అలాగే పిలిచేవాణ్ని. ఇద్దరమూ చెక్కి, గీకి, నునుపు చేసి బతికే వాళ్లం. ఆయన మాటలు నాకు గుచ్చుకునేవి, ఎందుకంటే అవి నిజం.

రెండో సెట్టు పగిలిన రోజున, విరిగిన అంచులో గోధుమరంగు పొడి ఇరుక్కుని ఉండటం గమనించాను. కారణం రాయవలసిన గడిలో "పొగాకు నమిలే అలవాటు" అని రాశాను. ఆయన్ని అడిగాను కూడా. తన జన్మలో పొగాకు ముట్టలేదన్నాడు. పొడి కళ్ల ముందు ఉంది, మనిషి లేదంటున్నాడు. నేను పొడినే నమ్మాను. మూడోసారీ అదే రాశాను. నాలుగోసారి "పొగాకు, రోగి ఒప్పుకోడు" అని రాశాను. ఈ చివరి రెండు మాటలు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గు.

ఆయన బరువు మొదటి సెట్టు నాడు యాభై ఎనిమిది కిలోలు. 2019 జూన్ 3న, నాలుగో సెట్టు ముక్కలు తెచ్చిన సోమవారం, నలభై తొమ్మిదిన్నర. వైద్యశాల తూకం అది, నేనే చూశాను. ఏడాదిన్నరగా గంజి, మెత్తగా పిసికిన సంగటి, చారు అన్నం. మనిషి కరిగిపోతున్నాడు. వ్యవహారం పళ్ల అందం దాటిపోయింది.

మా వైద్యశాల అప్పటికి పెద్ద డాక్టరు గారి కూతురి చేతికి వచ్చింది. బాగా చదువుకున్న పిల్ల, చేయి నిలకడైనది, మాట సూటి. కింది దవడలో నాలుగు ఇంప్లాంట్లు, అంటే ఎముకలోకి దిగే టైటానియం స్క్రూలు, వేసి వాటిమీద కదలని పళ్ల వరస బిగించాలని ఆమె నిర్ణయించింది. నెల్లూరులో స్కాన్ తీయించింది. ఎముక చాలినంత ఉంది. షుగరు లేదు. ఒక్క పొగాకే అడ్డు. పొగాకు నమిలేవాడికి గాయం సరిగా మానదు, స్క్రూ ఎముకతో కలవదు. అందుకని ఆయన చేత "పొగాకు మానివేస్తాను" అని కాగితం మీద సంతకం చేయించింది. శస్త్రచికిత్స జూన్ 13, గురువారం. ఎముకలో ఎక్కడ, ఏ కోణంలో రంధ్రం చేయాలో చూపే అచ్చు తయారుచేయడం నా వంతు.

ఆ అచ్చుకు కొలతగా వాడిన నాలుగో సెట్టు ముక్కలను, పని ముగిశాక జూన్ 10 సాయంత్రం, కడగడానికి తెల్లని పింగాణీ గిన్నెలో వేడినీళ్లలో వేశాను. పగులులోంచి పొడి వదిలింది. నీళ్లలోకి దిగలేదు. రంగు వదలలేదు. పైకి తేలి, గిన్నె అంచుకు చేరి, అక్కడే నిలిచింది. భూతద్దం పెట్టి చూశాను. పొడిలో సన్నగా చుట్టలు తిరిగిన తురుము కనబడింది. ఆకు నలిగితే ముక్కలవుతుంది, చుట్టలు తిరగదు. అలా తిరిగేది గీకినప్పుడు లేచే కొయ్య మాత్రమే.

మరునాటికి సెలవు అడిగాను. ఆ ఏడాది అది నా మొదటి సెలవు. ఎందుకని అడిగింది డాక్టరమ్మ. ఉదయగిరిలో పని ఉందన్నాను. అచ్చు అయిందా అంది. అయింది, నా సొరుగులో ఉంది అన్నాను.

బస్సు ఎనిమిదీ ముప్పై అయిదుకు ఉదయగిరి చేరింది. కొండ మీద కోట గోడలు ఎండకు తెల్లబడి ఉన్నాయి. దారి అడుగుతూ ఆయన ఇంటికి వెళ్లేసరికి తొమ్మిదికి అయిదు నిమిషాలు తక్కువ. వసారాలో నేలమీద కూర్చుని పనిలో ఉన్నాడు. నన్ను చూడలేదు.

కుడిచేతిలో వెంట్రుకంత సన్నని ఆకురాయి. ఎడమచేతి వేళ్ల మధ్య చెంచా గుంట. చెంచా కాడ రెండో కొస, గుడ్డ మడత చుట్టి, నోట్లో. ఎడమవైపు, కోరపంటికీ దాని వెనుక పంటికీ నడుమ. కాడ మీద జాలీ చెక్కుతున్నాడు. ఆకురాయి ముందుకు వెనక్కు ఆడిన కొద్దీ తల కొద్దిగా అటూ ఇటూ తిప్పి, కాడను పళ్లతోనే కావలసిన వాలుకు తెస్తున్నాడు. సన్నని తురుము గడ్డం మీద, పెదవి మీద రాలుతోంది.

నేను గడపలో నిలబడి నా చేతి గడియారం చూశాను. ఆయన ఆ కాడను పళ్ల మధ్య నుంచి తీసేసరికి పదకొండు నిమిషాలు పట్టింది.

"ఏంది పళ్ల మేస్త్రీ! ఎల్లుండి కోసేదానికి ఈ దినమే చూసిపోను వచ్చినావా?"

"నోట్లో అదేమిటి మేస్త్రీ?"

"చెంచా. కనపడ్లా?"

"ఎన్నేళ్లుగా?"

"నా పన్నెండో ఏట మా నాయన నేర్పినాడు. రెండు చేతులూ పనిలో ఉంటే మూడో చెయ్యి ఇదే గదా."

"ఇంతకాలం మాకు ఎందుకు చెప్పలేదు?"

ఆయన ఆకురాయి కింద పెట్టాడు. "మీరెప్పుడడిగినారు? ఆకు ఏసుకుంటావా అన్నారు, పొగాకు నములుతావా అన్నారు, షుగరుండాదా అన్నారు, నిద్రలో పళ్లు కొరుకుతావా అన్నారు. పన్జేసేటప్పుడు నోట్లో ఏం పెడతావు అని ఎవురన్నా అడిగినారా? ఇంత లావు రిజిస్టరుండాది గదా నీ కాడ, దాంట్లో ఉండాదా ఆ మాట?"

లేదు. ఇరవై ఏడు గడుల్లో లేదు.

లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. నేనెవరో తెలిసాక ఆమె ముఖం మారింది. మంచినీళ్ల చెంబు నా ముందు పెట్టి, పెట్టిన చేత్తోనే నిలదీసింది.

"పొగాకు తింటాడని రాసింది నువ్వేనా అన్నా? ఈయన నోట్లో పొగాకు పెట్టిన దినం నేనీ ఇంట్లో ఉంటానా? తినని దానికి మానేస్తా అని సంతకం పెట్టి వచ్చినాడు. ఆ రాత్రి సంగటి గూడా ముట్టలా."

"మరి సంతకం ఎందుకు పెట్టావు?" అని ఆయన్ని అడిగాను.

"పెడితేగాని పళ్లు పెట్టం అన్నారు. పెట్టినా. తినందాన్ని మానేసేదానికి నాకేం కష్టం?"

నోట్లో ఉన్న కింది సెట్టు చూపించమన్నాను. నాలుగోది నా సంచిలో ఉంటే, ఆయన నోట్లో ఉన్నదేమిటి? తీసి ఇచ్చాడు. అది నా రెండో సెట్టు. పారేశాడనుకున్నది. పగులుకు రెండు వైపులా మూడేసి రంధ్రాలు తొలిచి, రాగి తీగతో కుట్టి, తీగ మొనలు లోపలికి మడిచి నునుపు చేశాడు. వేలితో తడిమితే ఎక్కడా గుచ్చుకోలేదు. నేను చేసిన ఏ మరమ్మతు కంటే అది బాగుంది. ఆ మాట ఆయనతో చెప్పాను. ఆయనకు ఆశ్చర్యం కలగలేదు.

"ఒక్క సంగతి చెప్పు మేస్త్రీ," అన్నాడు. "సొంత పళ్లున్నప్పుడు ఎంత అదిమితే కాడ నిలుస్తాదో పంటికే తెలిసేది. చెంచా నలిగేది కాదు, జారేది కాదు. ఈ సెట్టు పెట్టినాక ఏమీ తెలవదు. పట్టినానో లేదో తెలవక మళ్లీ అదుముతా. ఇంకా అదుముతా. ఆ స్క్రూలు ఏసినాక తెలుస్తాదా?"

ఆ ప్రశ్న నేను పని నేర్చుకున్న రోజుల్లోనే అడగవలసింది, ముప్పై రెండేళ్ల పనిలో ఎవరినైనా అడగవలసింది. సొంత పంటికీ ఎముకకూ నడుమ సన్నని పొర ఉంటుంది. బరువు ఎంత పడుతోందో మెదడుకు చెప్పేది అదే. ఇంప్లాంటు నేరుగా ఎముకలో అతుక్కుంటుంది. నడుమ పొర లేదు. బరువు మోస్తుంది, కబురు మాత్రం పొరంత వివరంగా పంపలేదు. తినే పనికి అది చాలు. పక్కకు లాగుతూ, తిప్పుతూ, రోజుకు ఏడెనిమిది గంటలు కాడ పట్టే పనికి చాలదు. నా నాలుగు సెట్లు పగిలితే ప్లాస్టిక్కు పోయింది. కదలని వరస కింద నాలుగు స్క్రూలు సడలితే ఆయన దవడ ఎముక పోతుంది. రెండోసారి వేయడానికి అక్కడ ఏమీ మిగలదు.

స్క్రూలకూ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"అట్టయితే వద్దులే," అన్నాడు ఆయన, ఆకురాయి మళ్లీ తీసుకుంటూ. భార్య లోపలికి వెళ్లిపోయింది. ఆ "వద్దులే" అంటే మళ్లీ గంజేనని, ఆ నలభై తొమ్మిదిన్నర కిలోలూ ఇంకా తగ్గుతాయని ముగ్గురికీ తెలుసు.

మరునాడు, బుధవారం, ఉదయం తొమ్మిదింటికి డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆమె నమ్మింది, పొడి చూపించాను గనుక నమ్మక తప్పలేదు. కాని శస్త్రచికిత్స ఆపడానికి ఒప్పుకోలేదు.

"పొగాకు కాదని తేలింది కదా అంకుల్, అది మనకు మంచి వార్తే. నోట్లో చెంచా పెట్టొద్దని చెప్దాం. కాగితం మీద రాయించుకుందాం."

"కాగితం మీద ఆయన ఇదివరకే ఒక సంతకం పెట్టాడమ్మా. దాని విలువ ఎంతో నిన్న చూసి వచ్చాను."

"స్క్రూలు వచ్చేశాయి. గది సిద్ధంగా ఉంది. బరువు చూశారా ఆయనది? ఇంకో ఏడాది ఆగితే ఏం మిగులుతుంది మనిషిలో?"

"ఆగమనడం లేదు. నలభై ఆరేళ్ల అలవాటు ఒక్క పూటలో పోదని అంటున్నాను."

"ఇది వైద్యపరమైన నిర్ణయం అంకుల్. మీరు బల్ల దగ్గర..." అని ఆగిపోయింది.

ఆగకుండా పూర్తిచేసినా నేను బాధపడేవాణ్ని కాను. బల్ల దగ్గరి మనిషినే. ఆ బల్ల సొరుగు తాళం తీసి, రంధ్రాల అచ్చు ఆమెకు చూపించి, మళ్లీ లోపల పెట్టి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను.

"ఇది నేను చేసిన వస్తువు. దీన్ని రేపటి పనికి ఇవ్వను. ఇంకొకరి చేత చేయించుకోండి. నన్ను పనిలోంచి తీసేయాలనుకుంటే ఆ తేదీ చెప్పండి, రిజిస్టరులో రాసుకుంటాను."

మా నర్సమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. "అయ్యో, ఈ వయసులో ఈయనకు ఉద్యోగం ఎవురిస్తారమ్మా, ఉంచుకోండి," అంది. ఎవరూ నవ్వలేదు. తరువాత డాక్టరమ్మ నవ్వింది, కొద్దిగా. ఫోను తీసి, అందరికీ వినబడేలా పెట్టి ఉదయగిరికి కలిపింది.

"మేస్త్రీ గారూ, ఆపరేషన్ తరువాత నోట్లో చెంచా పెట్టకుండా పని చేయగలరా?"

"చెయ్యలేను."

"మానేస్తారా?"

"పనా? పళ్లు ల్యాకుండా రెండేళ్లు ఉండినానమ్మా. పని ల్యాకుండా ఒక్క దినం ఉండలేను. మీరు నా నోరు బాగు చేసేదానికి నా చేతులు నరికేస్తామంటే ఎట్టా?"

ఆమె ఫోను పెట్టేసింది. రెండు నిమిషాలు స్కాన్ ఫిల్ము చూస్తూ కూర్చుంది. గురువారం పేజీలో ఆయన పేరు మీద తానే గీత గీసింది. ఆ తరువాత ఆమె అన్న మాట ఆమెదే, నాది కాదు. ఈ కథ చెప్పిన ప్రతిచోటా దాన్ని ఆమె ఖాతాలోనే వేస్తున్నాను.

"నాలుగు వేసి కదలని పళ్లు బిగిస్తే, అవి ఎప్పుడూ నోట్లోనే ఉంటాయి. ఎప్పుడు చెంచా పెట్టినా పట్టేస్తాయి. రెండే వేద్దాం. వాటి మీద బొత్తాము లాగా నొక్కితే కూర్చునే సెట్టు, తీస్తే వచ్చేసేది. తినేటప్పుడు పెట్టుకుంటాడు, పనిలో కూర్చునేటప్పుడు తీసి డబ్బాలో పెడతాడు. కాని పళ్లు లేకుండా ఆ కాడ దేనితో పట్టుకుంటాడు?"

"అది ఆయనే తేల్చాలి. ముందు తేలాలి. తొంభై రోజులు చూద్దాం," అన్నాను.

ఆ రోజే రిజిస్టరు తీసి, మూడుచోట్ల "పొగాకు" అన్న మాట మీద గీత కొట్టి, పక్కన తేదీ వేసి సంతకం చేశాను.

అయిదో సెట్టు జూన్ 24, సోమవారం ఇచ్చాను. షరతు చెప్పాను: తొంభై రోజులు తినడానికి మాత్రమే, పనిలో ఉన్నప్పుడు డబ్బాలో. పగలకుండా నిలిచి, పని కూడా సాగితే, అప్పుడు స్క్రూలు.

ఆయనకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "నాకు పరీక్షా? నీ సెట్లు నాలుగు పగిలినాయి గదా, నీకెవురు పెట్టినారు పరీక్ష?"

"నువ్వే పెట్టావు. నాలుగుసార్లూ తప్పాను."

ఆ జవాబుకు ఆయన నవ్వాడు. సెట్టు డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇనుప పట్టకారు ఒకటి నా బల్ల మీదిదే ఇవ్వజూపాను. ఇనుము కొయ్యను నలిపేస్తుందని తోసేశాడు. మూడు వారాల తరువాత తానే ఒకటి చేసుకున్నాడని విని చూడటానికి వెళ్లాను. చెక్కతో చేసిన రెండు దవడలు, లోపల మేకతోలు మడతలు, కింద కాలితో తొక్కే పలక. కాలు ఎంత నొక్కితే అంత పట్టు. "పంటికి తెలిసేది ఇప్పుడు బొటనవేలికి తెలుస్తా ఉండాది," అన్నాడు. మొదట్లో రోజుకు ఒక్క కాడ కూడా పూర్తయ్యేది కాదట. రెండో నెలకు చేయి కుదిరింది.

సెప్టెంబరు 6, శుక్రవారం. సన్నని జల్లు. ఉదయం పదకొండున్నరకు ఆయన వైద్యశాల మెట్లెక్కాడు. నేను పిలవలేదు. డెబ్బై నాలుగో రోజు. సెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. భూతద్దంతో అంగుళం అంగుళం చూశాను. గీత లేదు.

"బాగుంది మేస్త్రీ. ఇంకా పదహారు రోజులు."

"ఈ పొద్దున ఒకటి పట్టినా," అన్నాడు.

"ఏమిటి?"

"కాడ కొసన చిలక బొమ్మ ఉండే చెంచా. ఆ తోలు మడతలో చిలక ముక్కు కనపడడంల్యా. ఒక్క దానికి. కొంచేపే. నోట్లో పట్టినా."

నర్సమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "సెట్టు బాగానే ఉండాది గదా! చెప్పకపోతే ఎవురికి తెలుస్తాది?"

"మేస్త్రీకి తెలవదు," అన్నాడు ఆయన నన్ను చూపిస్తూ. "ఆయన భూతద్దానికి గూడా తెలవదు. నాకు తెలుసు గదా. ఎముక నాది."

మీకు ఈ చోట నా సంగతి చెప్పాలి. నేను తేదీలను, కొలతలను నమ్మి బతికినవాణ్ని. ఆ రోజు నా కొలతలన్నీ ఒక్కటే చెబుతున్నాయి: సెట్టు బాగుంది. ఆ కొలతలు అబద్ధమని నాకు చెప్పినవాడు, ఇదే మనిషి, ఒకప్పుడు నేను సిరాతో అబద్ధాలకోరని రాసినవాడు. నా రిజిస్టరులో ఆ రోజు గడికి విలువ ఆయన నోటిమాట ఒక్కటే.

"సున్న," అన్నాను.

"ఏంది?"

"ఈ రోజు నుంచి మళ్లీ ఒకటి. తొంభై."

ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఉదయగిరి నుంచి బస్సెక్కి వచ్చి నిజం చెప్పినందుకు ఇదా శిక్ష అన్నాడు. డాక్టరమ్మ కూడా లోపలి నుంచి వచ్చి, పదహారు రోజులే కదా అంకుల్, వదిలేయండి అంది. నేను వదలలేదు. సగటు తీసే పని కాదిది. ఉందా లేదా అన్న పని. ఆయన గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

"రాసుకో మేస్త్రీ. సున్న రాసుకో. నీ కళ్ల ముందే తొంభై తెస్తా."

తెచ్చాడు. డిసెంబరు 5, గురువారం, సెట్టుతోబాటు ఒక చిలక చెంచా కూడా తెచ్చాడు, పూర్తిగా కాలి పట్టకారులో చెక్కినది. చిలక ముక్కు సూదిలా ఉంది. వారం తరువాత, డిసెంబరు 12న, డాక్టరమ్మ రెండు స్క్రూలు దించింది. ఎముకతో అవి కలవడానికి తొంభై ఒక్క రోజులు ఆగాము. 2020 మార్చి 12న అయిదో సెట్టు అడుగున రెండు బొత్తాములు అమర్చి, స్క్రూల మీద నొక్కాను. క్లిక్కుమంది. ఆయన నాలుకతో నెట్టి చూశాడు. కదలలేదు. జేబులోంచి వేయించిన శెనక్కాయలు తీశాడు. ఇంటి నుంచే తెచ్చుకున్నాడు. నేను, డాక్టరమ్మ, నర్సమ్మ ఆయన నమలడం వింటూ నిలబడ్డాము. ఆ నెలాఖరుకు కరోనా వల్ల బస్సులన్నీ ఆగిపోయాయి. ఒక పక్షం ఆలస్యమై ఉంటే అది ఎప్పటికి జరిగేదో చెప్పలేను.

ఇప్పుడు మీ సంగతి. ఇంప్లాంట్లు సరిపడతాయా లేదా తేల్చడానికి ఎముక చూడండి, షుగరు చూడండి, పొగాకు అడగండి, ఖర్చు భరించగలరా, రోజూ శుభ్రం చేసుకోగలరా కనుక్కోండి. ఇవన్నీ మీ పుస్తకాల్లో ఉన్నాయి. వాటి తరువాత, తినడానికి కాక పళ్లతో ఇంకేం చేస్తారని అడగండి. 2019 జూన్ 14 నుంచి నా రిజిస్టరుకు ఇరవై ఎనిమిదో గడి గీసి ఈ ప్రశ్న రాసుకున్నాను. చేజర్లలో కుట్టుపని చేసే ఆమె దారం కొరుకుతానంది. మర్రిపాడు లారీ డ్రైవరు తాడు ముడి పళ్లతోనే లాగుతానన్నాడు. గొర్రెలు కాచే అవ్వ ఒకామె, పిల్లకు మందు పట్టేటప్పుడు సీసా మూత పళ్లతోనే తీస్తానని చెప్పి, "నువ్వు దేంతో తీస్తావు నాయనా?" అని నన్నే అడిగింది. ఈ గడి వల్ల పని ఆలస్యమవుతుందని విసుక్కున్నవారున్నారు. పట్టా లేనివాడు గడులు గీయడమేమిటని ఒక సమావేశంలో ఒకరు నా ముఖం మీదే అన్నారు. ఆ మాట కూడా తేదీతో రాసి పెట్టాను. గడి మాత్రం తీయలేదు. పదవీ విరమణ నాడు రిజిస్టరు డాక్టరమ్మకు అప్పగిస్తూ, అన్ని గడులూ తీసేసినా అదొక్కటీ ఉంచమన్నాను. ఉంచింది.

2025 ఫిబ్రవరి 18, మంగళవారం, ఉదయగిరి వెళ్లి నేనే చూసి వచ్చాను. సెట్టు పెట్టుకుని పద్దెనిమిది వందల నాలుగో రోజు. ఆయన పనిలో ఉన్నాడు. పక్కన చెక్క డబ్బాలో సెట్టు ఉంది. బోసినోటితో నన్ను చూసి నవ్వాడు.

మొత్తం లెక్క ఇది. చేసిన సెట్లు అయిదు, పగిలినవి నాలుగు. అనుకున్న స్క్రూలు నాలుగు, వేసినవి రెండు, నిలిచినవి రెండు. బరువు యాభై ఆరు కిలోలు. ఆయన చెప్పిన అబద్ధాలు సున్న. నేను రాసినవి మూడు.